ఒడ్డుతో మనకేం పని?

అల్లుడూ,

కాకినాడలో పెట్రోలియం ఇంజనీరింగ్ చదివి హ్యూస్టన్ దాకా వెళ్తే, రిగ్గు ఎక్కించకుండా నిన్ను ప్రజాసంబంధాల శాఖలో కూర్చోబెట్టారని మా అక్క ఫోన్లో ఒకటే బెంగ. దేనికి బెంగ? రిగ్గు మీదవాడు బురదలో నిలబడి పనిచేస్తాడు. ఆ బురద ఊరివాళ్ల కంట పడకుండా చూసేవాడికే ఏ కంపెనీలోనైనా మర్యాద ఎక్కువ. ఆ పని చేసే రిటైరయినవాణ్ణి, నాకు తెలియదూ!

నిన్ను కాలిఫోర్నియా తీరం మీదికి తోలారట. అక్కడి ఊళ్లూ కౌంటీలూ తీర్మానాల మీద తీర్మానాలు చేసి, సముద్రంలో చమురు అన్న మాటే ఎత్తనివ్వడం లేదట. మనవాళ్లు ఇంతకాలం అక్కడ ఏమేం ఎత్తులు వేశారో, ఎక్కడెక్కడ నెగ్గుకొచ్చారో చూద్దామని పాత సంగతులన్నీ తిరగేశాను. నెగ్గిన సందర్భాలు అట్టే దొరకలేదు. పద్ధతిలో తప్పేం లేదు, అమలులోనే లోపం. నువ్వు ఇంకాస్త గట్టిగా అమలు చెయ్యి.

ఒడ్డును లెక్కలోకి తీసుకోకు

అన్నిటికంటే ముఖ్యం ఇది. అమెరికాలో ఒడ్డు నుంచి 3 నాటికల్ మైళ్ల వరకే సముద్రం రాష్ట్రానిది. (టెక్సస్‌కీ, గల్ఫ్ వైపు ఫ్లోరిడాకీ ఇంకాస్త ఎక్కువ ఉంది, అది నీకు అక్కర్లేదు.) ఆ గీత దాటితే నీళ్లూ, నేలా, నేల కింద నూనే అన్నీ వాషింగ్టన్‌వి. లీజులు వేలం వేసేది అక్కడి ఇంటీరియర్ శాఖ. అంచేత నీ ప్లాట్‌ఫారం గీతకి అవతల ఉన్నంతకాలం ఊరి మేయర్ ఎవరో, కౌంటీ బోర్డులో ఎందరున్నారో నీకు అనవసరం.

మరి నూనె ఒడ్డుకి ఎలా వస్తుంది మావయ్యా అంటావు. ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. గొట్టం ఎక్కడో ఒకచోట నేలకి తగలాలి. నూనెలోంచి నీళ్లనీ గ్యాసునీ విడదీసే ప్లాంటు కావాలి, ట్యాంకులు కావాలి, సరుకు పడవలకి జెట్టీ కావాలి, మనుషుల్ని దింపే హెలికాప్టరుకి చదునైన జాగా కావాలి. నిజమే. ఏ జాగా ఏ పనికి వాడాలో తేల్చేది ఊరి కౌన్సిలో కౌంటీ బోర్డో అన్నదీ నిజమే. కానీ అంత చిన్న ఊళ్లకి అంత పెద్ద ఆలోచన వస్తుందా?

వచ్చింది. 1985లో శాంటా క్రూజ్ అనే ఊళ్లో ఓటర్లు నూటికి 82 మంది ఒక తీర్మానాన్ని నెగ్గించారు. సముద్రపు చమురుకి పనికొచ్చే కట్టడం ఏదైనా ఆ ఊరి నేల మీద లేవాలంటే మళ్లీ ఓటర్లనే అడగాలి. సముద్రం జోలికే పోలేదు చూశావా! అది తమది కాదని వాళ్లకి తెలుసు. తమ చేతిలో ఉన్న జోనింగ్ కాగితం మీదే రాసుకున్నారు. అక్కడితో ఊరుకోక, తక్కిన తీరం ఊళ్లకి ఈ విద్య నేర్పడానికి ఊరి సొమ్ములోంచి కొంత తీసిపెట్టారు. చూస్తుండగానే రెండు డజన్లకు పైగా నగరాలూ కౌంటీలూ ఇలాంటి నిబంధనలే రాసేసుకున్నాయి.

మన పరిశ్రమ సంఘం కోర్టుకెక్కింది. ఎక్కాలి కూడా. సముద్రం మీద పెత్తనం వాషింగ్టన్‌ది, మధ్యలో ఈ ఊళ్లెవరు అన్నారు. 1990లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ వాదన లోపలికే వెళ్లలేదు. మీరింకా ఏ ప్లాంటుకీ దరఖాస్తు పెట్టనే లేదు, మిమ్మల్ని ఎవరూ కాదననే లేదు, అప్పుడే నష్టం ఏమిటి అని తిప్పి పంపింది. నువ్వు మాత్రం ఈ కేసు చదివి దిగాలు పడకు. గెలవలేదంతే, ఓడిపోయామని కూడా కోర్టు అనలేదు కదా.

ఒడ్డును పట్టించుకోనక్కర్లేదు అనడానికి ఇంకో రుజువు చూపిస్తాను. 2015 మే 19న శాంటా బార్బరా కౌంటీలో రెఫ్యూజియో దగ్గర నేలలో పాతిన గొట్టం తుప్పు తిని పగిలింది. లక్ష గ్యాలన్లకు పైగా నూనె బయటపడింది, అందులో కొంత పల్లానికి జారి సముద్రంలో కలిసింది. అయినా సముద్రంలో ఉన్న ప్లాట్‌ఫారాలకి ఈగ వాలలేదు. అప్పట్లో ఎక్సాన్ కంపెనీవైన మూడు, హోండో, హార్మొనీ, హెరిటేజ్, నిక్షేపంగా నిలబడ్డాయి. నూనె పంపే దారి మూసుకుపోయింది గనక తోడడం మానేసి, ఏళ్ల తరబడి అలా నిలబడే ఉండిపోయాయి. పోనీ లారీల్లో తోలుకుంటాం అని కంపెనీ అడిగితే, 2022 మార్చిలో కౌంటీ బోర్డు కాదంది. ఐదుగురు సభ్యులు, మూడు ఓట్లు వ్యతిరేకం. వాషింగ్టన్ సముద్రంలో, వాషింగ్టన్ లీజు మీద, అన్ని అంతస్తుల ఉక్కు కట్టడాలు, ముగ్గురు మనుషులు చెయ్యెత్తితే ఆగినచోటే ఉండిపోయాయి! అందుకే చెప్తున్నాను, వాళ్ల గురించి ఆలోచించడం మొదలుపెడితే నీకు నిద్ర పట్టదు. ఆలోచించకు.

ముందుగా అడగొద్దు, చెప్పొద్దు

అడిగితే జవాబు వస్తుంది. ఈ ముక్క మనవాళ్లకి అరవై ఏళ్ల కిందటే తెలుసు. శాంటా బార్బరా ఛానెల్‌లో లీజులు అమ్మబోతున్నారని తెలిసినప్పుడు కౌంటీవాళ్లు కాస్త ఆగండి, మా మాట వినండి అని మొత్తుకున్నారు. బహిరంగ విచారణ పెడితే స్థానికులు రేగుతారు, లేనిపోని కెలుకుడెందుకు అని ఇంటీరియర్ శాఖ లోపలి కాగితాల్లో రాసుకున్నారు. 1968 ఫిబ్రవరిలో వేలం జరిగింది. ఖజానాకి 60 కోట్ల డాలర్లకు పైగా జమ. విచారణ లేదు, అల్లరి లేదు. ఎంత హాయి!

ఏడాది తిరక్కుండా, 1969 జనవరి 28న, ఒడ్డుకి ఆరు మైళ్ల దూరాన యూనియన్ ఆయిల్ వారి ప్లాట్‌ఫారం ‘ఎ’ మీద బావి ఎగదన్నింది. బావి గోడ కాపాడే ఉక్కు కేసింగ్ ఎంత లోతు దింపాలో నిబంధనల్లో ఉంది. అంతకంటే తక్కువ దింపుతాం అని కంపెనీ మినహాయింపు అడిగింది, ఫెడరల్ అధికారులు ఇచ్చారు. ఇది గుర్తుపెట్టుకో: మినహాయింపు ఇవ్వడానికి వాషింగ్టన్ నుంచి ఒక సంతకం చాలు, ఊరివాళ్ల ముఖం చూడక్కర్లేదు. గ్యాసు తన్నుకొచ్చినప్పుడు పైన మూత బిగించారు. మూత గట్టిదే, ఆగింది. అడుగున సముద్రపు నేల ఆగలేదు. పగుళ్లలోంచి, కేసింగ్ లేని పొరల్లోంచి నూనె బుడగలుగా పైకి లేచింది. 80 వేల నుంచి లక్ష పీపాల దాకా అని అంచనా. ఇసుక మీద గడ్డి పరిచి, నూనె పీల్చాక ఆ గడ్డిని పారలతో ఎత్తిపోశారు. చంద్రుడి మీదికి మనిషిని పంపిన ఏడాది కూడా అదే, ఆ సంగతి ఎక్కడైనా ప్రసంగంలో వాడుకో.

మార్చిలో అధ్యక్షుడు నిక్సన్ వచ్చి, అప్పటికే శుభ్రం చేసిన ఒడ్డు మీద నడిచి వెళ్లాడు. మరుసటి సంవత్సరం మొదటి రోజునే జాతీయ పర్యావరణ విధాన చట్టం మీద సంతకం పెట్టాడు. ఫెడరల్ అనుమతి కావాల్సిన ఏ పెద్ద ప్రాజెక్టుకైనా ప్రభావం ముందే రాసి చూపించమనేది, మన ఫైళ్లు ఇంత లావెక్కడానికి మూలం, అదే. 1972లో కాలిఫోర్నియా ఓటర్లు తీరానికంటూ ఒక కమిషన్‌నే పుట్టించారు. విచారణ ఎగ్గొట్టి మనవాళ్లు కొన్ని నెలలు మిగిల్చారు. ఆ తరువాత పోయిన యాభై ఏళ్లు వేరే పద్దులో రాసుకోవాలి.

పక్షుల గురించి తప్పక మాట్లాడు

నూనె పూసుకున్న పక్షి ఫొటో పత్రికలో పడ్డాక మౌనంగా ఉండకు. యూనియన్ ఆయిల్ అధ్యక్షుడు ఫ్రెడ్ హార్ట్లీ ఉండలేదు. సెనేట్ ఉపసంఘం ముందు కూర్చుని, మనుషులు పోతే రాని ప్రచారం పక్షులు పోతే వస్తోందన్న ధోరణిలో ఏదో అన్నాడు. కాసిని పక్షులకి ఇంత గోలా అన్నాడని పత్రికలు వేశాయి. నేనలా అనలేదు మొర్రో అని కంపెనీ సంజాయిషీ ఇచ్చుకుంది. ఆ సంజాయిషీ ఇప్పుడెవరికీ గుర్తులేదు, ఆ మాట మాత్రం అందరికీ కంఠతా. పేరు నిలబడాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదు. అన్నట్టు, ఆనాడు చచ్చి దొరికిన పక్షులు 3,600కి పైనే. కాసిని అంటే ఎన్నో ముందే నిర్ణయించుకుని మాట్లాడు.

మన కోనసీమ కిటుకులు అక్కడ వాడు

ఇది నా సొంత సలహా, ఏ పుస్తకంలోనూ దొరకదు. మన దగ్గర కొబ్బరితోటలోకి రిగ్గు దిగేముందు పంచాయతీని ఎవరు బతిమాలారు? లారీలు తిరిగి రోడ్డు గుల్లయితే ఒక పూత పూస్తాం. బడికి ఓ గది, ఊరికి ఓ నీళ్ల ట్యాంకు, దాని మీద కంపెనీ పేరు ఊరవతలికి కనపడేంత అక్షరాల్లో. 1995 జనవరిలో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. నువ్వింకా పుట్టలేదు, మీ అమ్మనడుగు. ఆ మంట ఆరాక రిగ్గులేమైనా ఆగాయా? ట్యాంకు కట్టిన చోట మాటకి విలువుంటుంది. నువ్వు కూడా శాంటా బార్బరాలో ఓ నీళ్ల ట్యాంకు కట్టించి చూడు. అక్కడ సముద్రానికి ఎదురుగా ఉండే ఇళ్లవాళ్లకి ట్యాంకు అవసరం లేకపోవచ్చు, అయినా మర్యాద మర్యాదే.

2014 జూన్‌లో మన కోనసీమలోనే నగరం అనే గ్రామంలో గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా పోయిన సంగతి మాత్రం అక్కడ ఎత్తకు. నువ్వు ఆ ప్రాంతం వాడివని తెలిసి ఎవరైనా అడిగితే, అది సముద్రంలో బావి కాదండీ, ఒడ్డున గొట్టం అని చెప్పు. ఆగు... రెఫ్యూజియోలో పగిలిందీ ఒడ్డున గొట్టమే కదూ. అయితే అసలేం మాట్లాడకు.

డబ్బు సంగతి వస్తే భవిష్యత్ కాలంలో మాట్లాడు. గల్ఫ్ తీరాన టెక్సస్, లూసియానా, మిసిసిపీ, అలబామాలకి 2006 చట్టం కింద కొన్ని లీజుల ఆదాయంలో 37.5 శాతం వాటా ఇస్తున్నారు. పసిఫిక్ తీరానికీ అట్లాంటిక్ తీరానికీ అలాంటి చట్టం లేదు. నువ్వు ‘వాటా వస్తుంది’ అని ఊరుకో. ఏ చట్టం కింద అని అడిగే మనిషి ప్రతి సభలోనూ మూడో వరసలో కూర్చుంటాడు, అటు చూడకు.

మేయర్ని పట్టు, ఊరు దానంతటదే వస్తుంది

మన ఎన్నికల్లో ఇది పనిచేస్తుంది గనక అక్కడా పనిచెయ్యాలి. నార్త్ కరొలైనాలో క్యూరీ బీచ్ అని రెండు వేల జనాభా ఉన్న ఊరుంది. అట్లాంటిక్‌లో సీస్మిక్ సర్వేలు జరగాలని కోరుతూ పరిశ్రమ తరఫువాళ్లు ఉత్తరం తయారుచేసి ఇచ్చారు, మేయర్ సంతకం పెట్టాడు. సీస్మిక్ అంటే నీకు తెలిసిందే, గాలి తుపాకులు పది పన్నెండు సెకన్లకోసారి నీళ్లలో పేలుతుంటాయి, రాత్రనక పగలనక వారాల తరబడి. చేపలకీ తిమింగలాలకీ ఎలా ఉంటుందో వాటినే అడగాలి. 2014 జనవరి సమావేశానికి ఊళ్లోవాళ్లూ చుట్టుపక్కలవాళ్లూ వందల్లో వచ్చి హాలు నిండి బయట నిలబడ్డారు. మేయర్ వెనక్కి తగ్గలేదు, మన మనిషి మరి. తరువాతి ఎన్నికల్లో జనమే ఆయన్ని వెనక్కి పంపారు. ఆ ఊరి కబురు తీరం వెంట పాకి, తీర్మానాలు చేసిన పట్టణాలు వంద దాటాయి. 2016 మార్చిలో ఒబామా ప్రభుత్వం అట్లాంటిక్‌ను చమురు లీజుల ప్రణాళికలోంచి తీసేసింది. కారణాల్లో స్థానిక వ్యతిరేకత ఒకటని ప్రభుత్వమే చెప్పుకుంది.

ఒక్క సంతకంతో వంద ఊళ్లని కూడగట్టిన ఘనత మనది. ఉద్యమకారుల సంఘాలు ఎన్నేళ్లు తిరిగితే అంత పని చెయ్యగలవు!

సభ పెట్టు, మైకు పెట్టకు

ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరైనప్పుడు 2018 నమూనా వాడు. ఆ జనవరి 4న ఇంటీరియర్ కార్యదర్శి రయన్ జింకీ దేశం చుట్టూ ఉన్న 26 సముద్ర ప్రాంతాల్లో 25 తెరుస్తాం, 47 వేలాలు వేస్తాం అని ముసాయిదా విడుదల చేశాడు. సభలు పెట్టాలి. ఎక్కడ పెట్టాలి? సముద్రానికి దూరంగా. కాలిఫోర్నియాకి శాక్రమెంటోలో, సౌత్ కరొలైనాకి కొలంబియాలో పెట్టారు. చేపలు పట్టేవాడు ఒకరోజు కూలి వదులుకుని గంటలకొద్దీ కారు తోలుకుంటూ రావాలి. వచ్చాక హాల్లో కుర్చీలు వరసగా వేసి ఉండవు, మైకు ఉండదు. గోడల వెంట పోస్టర్లు, ఒక్కో పోస్టరు దగ్గర చిరునవ్వుతో ఒక అధికారి, మూలన అభిప్రాయం టైపు చేసుకోవడానికి ల్యాప్‌టాప్‌లు. ఒకడు అన్నమాట ఇంకొకడికి వినపడదు. ఈ ఏర్పాటు ఆలోచించినవాడికి మన శాఖలో విగ్రహం పెట్టించాలి.

ఒక్కటే పొరపాటు జరిగింది. బయట ఖాళీ స్థలం వదిలేశారు. జనం అక్కడ తమ సొంత మైకు పెట్టుకుని సొంత సభ జరుపుకున్నారు, టీవీ కెమెరాలు పోస్టర్ల దగ్గరికి రాకుండా అక్కడే నిలబడిపోయాయి. ఈసారి పార్కింగ్ స్థలం కూడా అద్దెకి తీసుకో.

ఊళ్లూ రాష్ట్రాలూ రాసే ఉత్తరాల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. లీజు వేలం గురించి గవర్నరూ, ప్రభావిత ప్రాంతాల స్థానిక ప్రభుత్వాలూ 60 రోజుల్లో సిఫార్సులు పంపవచ్చని ఫెడరల్ సముద్ర లీజుల చట్టంలో 19వ సెక్షను ఉంది. దేశ ప్రయోజనానికీ రాష్ట్ర క్షేమానికీ తూకం కుదిరిందనిపిస్తే గవర్నరు మాట కార్యదర్శి ఒప్పుకోవాల్సిందే. ఊరి మాటని ఒప్పుకోవచ్చు, మానవచ్చు. ఈ తేడా పట్టుకుని ఊళ్లకి రాసిన జవాబుల్లో ‘మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం’ అన్న వాక్యం అచ్చు వేయించి పెట్టుకో. నమోదైన కాగితాలు తరువాత కోర్టులో వాళ్లకే పనికొస్తాయి, కానీ అప్పటికి నువ్వు బదిలీ అయిపోతావు.

పార్టీ చూసి నమ్ము

చమురు అంటే ఇష్టపడే పార్టీ గెలిచిన తీరాల్లో నీకు అడ్డే ఉండదు. 2018లో ఫ్లోరిడా గవర్నరుగా ఉన్న రిక్ స్కాట్‌ది అదే పార్టీ. ముసాయిదా వచ్చిన ఐదో రోజున, జనవరి 9న, జింకీ విమానమెక్కి టాలహాసీ వెళ్లి, విమానాశ్రయంలోనే ఆయన్ని కలిసి, ఫ్లోరిడాని తీసేస్తున్నాం అని ప్రకటించాడు. మరి మా సంగతేమిటని తక్కిన గవర్నర్లు రెండు పార్టీల నుంచీ వరస కట్టారు. సౌత్ కరొలైనా కూడా మనవాళ్ల రాష్ట్రమే. అక్కడ 16 తీర పట్టణాలు కలిసి 2018 డిసెంబరులో సీస్మిక్ అనుమతుల మీద కేసు వేశాయి, పక్కన చిన్న వ్యాపారుల సంఘం కూడా నిలబడింది. 2020 నవంబరులో ఆ అనుమతుల గడువు ఒక్క పేలుడూ జరక్కుండానే తీరిపోయింది. దానికి రెండు నెలల ముందు, ఎన్నికలు దగ్గరపడుతుండగా, అంతా తెరుస్తానన్న అధ్యక్షుడే ఫ్లోరిడా, జార్జియా, సౌత్ కరొలైనా తీరాల్లో 2032 దాకా లీజులు ఉండవని సంతకం పెట్టాడు.

ఇలాంటివి అపవాదాలు. అన్నీ అపవాదాలే అయినప్పుడు సూత్రం ఇంకా బలంగా ఉందన్నమాట.

ఇక నీ పని

కాలిఫోర్నియాలో ఫెడరల్ లీజు వేలం జరిగి నలభై ఏళ్లు దాటింది, ఆఖరుది 1984లో. 2025 నవంబరులో కొత్త ముసాయిదా వచ్చింది: దేశం మొత్తం మీద 34 వేలాలు, అందులో కాలిఫోర్నియాకి 6. మొదటిది 2027లో అంటున్నారు. నిన్ను పంపింది అందుకే. ఈలోగా ఆ మూడు మైళ్ల రాష్ట్ర జలాల్లో, ఫెడరల్ ఉత్పత్తిని పెంచే కొత్త గొట్టాలకి లీజు ఇవ్వరాదని 2018లోనే రాష్ట్రం చట్టం చేసి కూర్చుంది. అంటే బావి నీది, నూనె నీది, మధ్యలో మూడు మైళ్లు మాత్రం నీవి కావు, ఆ తరువాత వచ్చే ఊరు అసలే కాదు. పై ఆఫీసులో ఎవరైనా నూనె ఎలా తెస్తావు అని అడిగితే క్రికెట్ సంగతి ఎత్తు. అమెరికావాళ్లకి అర్థం కాదు గనక సంభాషణ అక్కడే ఆగిపోతుంది.

గది మాత్రం ఇప్పుడే బుక్ చేసుకో. సముద్రం కనపడే హోటళ్లలో దిగేటప్పుడు రిజిస్టర్లో కంపెనీ పేరు రాయకు. వాళ్ల బతుకంతా ఆ ఒడ్డు మీదే, మనవాడివని తెలిస్తే బిల్లుతో పాటు ఓ సంతకాల కాగితం కూడా చేతికిస్తారు. పొరపాటున దాని మీద సంతకం పెట్టేవు సుమా.

మీ మావయ్య